మంగళవారం వచ్చే ఆడవాళ్ళు

బోర్డు మీద బ్యూటీ పార్లర్ అని రాసి ఉన్నా, నా పనిలో బ్యూటీ తక్కువ, గడ్డాలూ మీసాలూ ఎక్కువ. దగ్గర దగ్గర ముప్పై ఏళ్ళు సూరత్‌లోని లింబాయత్‌లో, మా ఇంటి ముందు గదిలో, ఆడవాళ్ళ ముఖాల మీద వెంట్రుకలు తీశాను. పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేయలేదా అంటే చేశాను. అది ఏ పిల్లయినా ఆరు నెలల్లో నేర్చుకుంటుంది. గడ్డం వచ్చిన ఆడపిల్ల ఎదురుగా కూర్చుంటే ఏం అడగాలో, ఏం అనకూడదో నేర్చుకోవడానికి మాత్రం నాకు పాతికేళ్ళు పట్టింది. అందులో కొంత ఇంకొకరికి నష్టం చేసి నేర్చుకున్నాను. ఆ సంగతి దాచుకునేది ఉంటే ఇది రాయడం దండగ.

ఇప్పుడు నాకు చూపు ఆనడం లేదు. పైపెదవి మీద సన్నటి నూగు కనిపించని మనిషి దారం పట్టుకోకూడదు. అందుకని పోయిన ఏడాది కుర్చీ, అద్దం, వ్యాక్స్ కరిగించే గిన్నె అన్నీ మా గల్లీలోని ఇద్దరు పిల్లలకు అప్పగించాను. వాళ్ళు కోర్సు చేసి వచ్చినవాళ్ళు, సర్టిఫికెట్లు మా ముందు గది గోడకే తగిలించారు. కోర్సులో లేనివి చెప్పమని అడిగారు. నోటితో చెప్తే ఒక చెవి ఫోనుకిచ్చి ఒక చెవితో వింటారు. రాసిస్తే కనీసం కస్టమర్లు లేని పూట చదువుతారు.

మా ఇంట్లో దారానికి కొదవా

మా ఆయన సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చాడు. పెళ్ళయ్యాక నేనూ వచ్చాను. ఇక్కడ మా ఆడవాళ్ళు చాలామంది ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తారు. పొద్దస్తమానం మెడ వంచి కూర్చోవడం నా వల్ల కాలేదు. వరాఛాలో హంసాబెన్ అనే గుజరాతీ ఆవిడ పార్లర్‌లో ఊడ్చి తుడిచే పనికి కుదిరాను. ఆమే నాకు పని నేర్పింది.

హంసాబెన్ నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. నెల రోజులు నా కాలి మీద నేనే దారం ఆడించుకోవాలంది. దారం ఒక కొన పళ్ళతో పట్టి, మధ్యలో మెలిపెట్టి, వేళ్ళతో తెరుస్తూ మూస్తూ ఉంటే ఆ మెలికలో వెంట్రుక చిక్కుకుని వేరుతో సహా వస్తుంది. చూడటానికి ఆటలా ఉంటుంది. నా పిక్కలు నెల రోజులూ మంట మండాయి. అన్నేళ్ళు దారం కొరికి పట్టినందుకు ఇప్పటికీ నా ముందు పంటి మీద చిన్న గాడి ఉంది.

ఆమె దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. కస్టమర్ అడగకుండా ఆమె ముఖంలో లోపం ఎత్తి చూపకూడదు. కనుబొమల కోసం వచ్చిన ఒకామెతో నేను "మీసాలు కూడా తీయమంటారా" అన్నాను. హంసాబెన్ నా చేతి మీద ఒక్కటి వేసి, "ఉస్‌నే పూఛా క్యా?" అంది. ఆమె అడగలేదు, నిజమే. ఆ పూట నాకు రోషం వచ్చింది కానీ, తర్వాత చాలా పార్లర్లు చూశాక ఆ దెబ్బ విలువ తెలిసింది. మనుషులకు లేని సిగ్గును అంటగట్టి పని రాబట్టుకునేవాళ్ళు ఈ పనిలో బోలెడంతమంది. మీరు అలా చేస్తున్నారని నాకు తెలిస్తే కుర్చీ వెనక్కి తీసుకుంటాను, ముందే చెప్తున్నాను.

మూడేళ్ళకు మా ముందు గదిలోనే సొంతంగా మొదలుపెట్టాను. వారం తిరగకుండా నూలు రీలు అయిపోయింది. కొత్తది తెచ్చుకోవాలంటే బజారుకు పోవాలి. మంచం కింద చూస్తే మా ఆయన కార్ఖానా నుంచి తెచ్చిన పాలిస్టర్ దారం గంపెడు ఉంది. నేతవాళ్ళ ఇల్లు, దారానికి కొదవా అనుకున్నాను. ఆ రోజు మా పక్కింటామె పైపెదవి కోసం వచ్చింది. పాలిస్టర్ దారం నున్నగా ఉంటుంది, వెంట్రుకను పట్టదు. పట్టడం లేదని నేను ఇంకా బిగించి లాగాను. పెదవి మీద సన్నటి గీతలు పడి నెత్తురు చుక్కలు లేచాయి. వాళ్ళాయన చూసి పిల్లి గీరిందా అని అడిగాడట. ఆమె వారం రోజులు గల్లీలో అందరికీ పెదవి చూపించింది.

వరాఛా వెళ్ళి హంసాబెన్‌కు చెప్పుకున్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "నీ ఇంట్లో ఏముందో అది వాడావు. ఆమె ముఖానికి ఏం కావాలో చూడలేదు" అంది హిందీలో. ఆ మాట నాకు బాగా అర్థమైందనుకుని నూలు రీలు కొనుక్కుని ఇంటికొచ్చాను. అర్థం కాలేదని తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

తలుపు మూసే రోజు

మావాళ్ళు మంగళవారం, శుక్రవారం వెంట్రుక ముట్టరు. గోళ్ళు తీయరు, క్షవరం చేయించుకోరు. ఆ రెండు రోజులూ నా పార్లర్‌కు పిట్ట కూడా వచ్చేది కాదు. మంగళవారం నేను బట్టలు ఉతుక్కునేదాన్ని.

ఒక మంగళవారం మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాను. కూరగాయల బండి పెట్టుకునే భూదవ్వ. మా గల్లీ చివర ఉంటుంది, అప్పటికి నలభై దాటింది. కొంగు గడ్డం మీదుగా చుట్టుకుని ఉంది.

"ఇయ్యాల ఎవ్వలు రారు గద, అందుకే వచ్చిన" అంది.

"మంగళారం వెంట్రుక ముట్టద్దంటరు గదా?" అన్నాను.

"నా గడ్డం సంగతి దేవునికి ఎర్కే. గల్లీకి ఎర్కగావద్దు" అంది, లోపలికొచ్చి తనే గడియ పెట్టుకుంది.

కొంగు తీస్తే చూశాను. గడ్డం కింద, దవడల మీద దట్టంగా ఉంది. ఇంట్లో బియ్యం ఏరుకునే వేళ్ళతో ఒక్కొక్కటీ పీక్కుని పీక్కుని చర్మం మీదంతా నల్లమచ్చలు పడ్డాయి. పదేళ్ళుగా తన మొగుడికి కూడా వెలుతురులో ముఖం చూపించలేదని చెప్పింది. నేను పని మొదలుపెట్టాక, నొప్పికి కాదు, ఎవరో ఒకరు చూశారన్న సంగతికి ఏడ్చింది. నాకూ కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేకుండా పోయాయి.

అప్పటి నుంచి మంగళవారం బోర్డు తిప్పేసి, కర్టెన్ వేసి, ఒక్కొక్కరినే పిలిచేదాన్ని. నోటి మాట మీద వచ్చారు. మార్కెట్‌లో చీరలు మడతపెట్టే అమ్మాయి వచ్చింది. హజీరాలో పెద్ద కంపెనీ ఇంజనీరు భార్య అంత దూరం నుంచి కారులో వచ్చేది. ఒకరి సంగతి ఒకరికి తెలియనివ్వలేదు. ఇందులో పేరు పెట్టి రాసినవాళ్ళను అడిగే రాశాను. ఈ పని ఎవరు నేర్పినా నేర్పకపోయినా, నోరు కట్టుకోవడం మీరే నేర్చుకోవాలి. సూరత్‌లో మన తెలుగు గల్లీలు మూడు గంటల్లో ఒక వార్తను చుట్టేస్తాయి.

ఏది దేనికి

కోర్సులో మీకు పద్ధతులు నేర్పారు. ఏ మనిషికి ఏది వద్దో నేర్పలేదు, అది నేను చెప్తాను.

సన్నటి నూగుకు దారం చాలు. బ్లీచ్ కూడా నూగుకే. దట్టమైన గడ్డానికి బ్లీచ్ వేస్తే నల్ల గడ్డం పోయి బంగారు గడ్డం వస్తుంది, అంతే. మోచేతి లోపల చుక్క పెట్టి ఒక రోజు ఆగకుండా ఎవరి ముఖానికీ బ్లీచ్ వేయకండి. వ్యాక్స్ పెట్టే ముందు ముఖానికి ఏం మందులు రాస్తున్నారో అడగండి. మొటిమల మందు రాసేవాళ్ళకు వ్యాక్స్‌తో పాటు పైతోలు కూడా ఊడివస్తుంది. ఒకామెకు అలా జరిగింది, నా చేతుల్లోనే.

ఇంకో సంగతి. ఉన్నట్టుండి బుగ్గల మీద వెంట్రుకలు వస్తున్నాయని ఎవరైనా అంటే, తెల్లబడటానికి మెడికల్ షాపు నుంచి ట్యూబు తెచ్చి రాస్తున్నారేమో అడగండి. చీటీ లేకుండా అమ్మే ఆ ట్యూబుల్లో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. అది ముందు తెల్లగా చేస్తుంది, తర్వాత తోలు పలచబడి ఎర్రగా అవుతుంది, వెంట్రుకలు మొలుస్తాయి. చాలా రోజులు వాడినవాళ్ళు ఒక్కసారిగా మానినా ముఖం భగ్గుమంటుంది. అందుకని మీరు మానమని చెప్పి ఊరుకోకుండా చర్మం డాక్టరు దగ్గరకు పంపండి.

లేజర్ గురించి అందరూ అడుగుతారు. హజీరా ఇంజనీరు భార్య ఆరుసార్లు చేయించుకుంది. "ఏమండీ, ఇంక జన్మలో రావన్నారు, ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చేశాయండీ. నన్ను మోసం చేశారా, నా ఒళ్ళే అంతా?" అని అడిగింది. అటు మోసం, ఇటు ఒళ్ళు, రెండూ ఉన్నాయి. లోపల హార్మోన్ల తేడా సర్దకుండా పైన ఎంత కాల్చినా కొత్తవి వస్తూనే ఉంటాయి. లేజర్ మంచిదే, కానీ మన చామనఛాయకు తగ్గ మిషను, చేయి తిరిగిన డాక్టరు ఉండాలి. తెల్లబడ్డ వెంట్రుక దానికి కనిపించదు. వాటికి కరెంటు సూదితో ఒక్కొక్క కుదురూ కాల్చే పద్ధతి ఉంది, అది ఓపికతో పని. లేజర్‌కు పోయేవాళ్ళు ముందు కొన్ని వారాలు దారం, వ్యాక్స్ మానేయాలి. వేరు లేకపోతే అది దేన్ని కాలుస్తుంది? గీసుకుని వెళ్ళాలి.

గీసుకుని అని ఇప్పుడు సులువుగా రాసేశాను. ఒకప్పుడు ఆ మాట అంటే మండిపడేదాన్ని.

రేజర్

రేజర్ పెడితే వెంట్రుకలు దట్టంగా, మొద్దుగా వస్తాయని పాతికేళ్ళు నా కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ చెప్పాను. నాకు హంసాబెన్ చెప్పింది, ఆమెకు ఇంకెవరో చెప్పి ఉంటారు. కావాలని చెప్పిన అబద్ధం కాదు. కానీ ఆ మాట వల్ల నా కుర్చీ ఖాళీగా ఉండేది కాదన్నది కూడా నిజం. అందుకే దాన్ని ఎప్పుడూ అనుమానించలేదు.

సరితను వాళ్ళమ్మ రాజవ్వ ఒక మంగళవారం తీసుకొచ్చింది. రాజవ్వ నాకు వరసకు మరదలవుతుంది, ఇంట్లో చీరలకు రాళ్ళు అంటిస్తుంది. సరితకు పద్దెనిమిదేళ్ళు, అప్పుడే నర్సింగ్ కాలేజీలో చేరింది. మా గల్లీలో ఆ చదువుకు వెళ్ళిన మొదటి పిల్ల. ఇక్కడ పుట్టి పెరిగినది కనుక తెలుగు, హిందీ కలిపి మాట్లాడుతుంది. ముఖానికి చున్నీ చుట్టుకుని వచ్చింది. సూరత్‌లో స్కూటీ మీద పోయే ఆడపిల్లలందరూ ఎండకూ దుమ్ముకూ అలాగే చుట్టుకుంటారు కనుక ఎవరికీ వింత కాదు. కరోనాకు మాస్కులు పెట్టుకున్న రోజులే తన బతుకులో హాయైన రోజులని తర్వాతెప్పుడో చెప్పింది.

చున్నీ తీస్తే గడ్డం కింద నల్లగా, గరుకుగా ఉంది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, బాత్రూంలో గడియ పెట్టుకుని, నాన్న రేజర్‌తో గీసుకుంటోంది.

"ఆడపిల్ల ముఖానికి రేజరా?" అని నేను గట్టిగా అరిచాను. "మగపిలగాని లెక్క వస్తది, ఎర్కేనా? ఇగ ముట్టకు. రెండు వారాలు పెరగనియ్యి, దారానికి చిక్కేంత వచ్చినంక రా. నేను సాఫ్ చేస్త."

"రెండు వారాలా అత్తా?" అంది.

"ఏమైతది? చున్నీ ఉన్నది గద" అన్నాను.

ఆ పిల్ల తలూపింది. ఆ తర్వాత చెప్పినట్టే చేసింది. రెండు వారాలు పెంచుకుని వచ్చేది, నేను దారంతో, వ్యాక్స్‌తో నున్నగా చేసేదాన్ని. వారం పది రోజులు శుభ్రంగా ఉండేది. మళ్ళీ మొలకెత్తేది, మళ్ళీ పెంచుకునేది. ఏడాది పైన ఇలా జరిగింది. గడ్డం కింద చిన్న చిన్న పొక్కులు, నల్లమచ్చలు వస్తే కలబంద రాయమన్నాను. కాలేజీ ఎట్లుంది బిడ్డా అంటే మంచిగున్నది అత్తా అనేది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఒక ఆదివారం, గదిలో నలుగురు కస్టమర్లు ఉండగా రాజవ్వ చేతిలో కాగితం పట్టుకుని వచ్చింది. కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం. హాజరు సగం కూడా లేదు కనుక పరీక్ష రాయనివ్వబోమని, తల్లిదండ్రులు వచ్చి కారణం రాసివ్వకపోతే పేరు కొట్టేస్తామని ఉంది.

"వదినె, ఇది రోజు టిఫిన్ డబ్బ పట్టుకొని పోతనే ఉన్నది. కాలేజీకి పోతలేదట. ఎవనితోని తిరుగుతున్నదో ఏందో. ఇంటికాడ వాళ్ళ నాయిన చంపుతా అంటున్నడు. నీకేమన్న చెప్పిందా?" అని అందరి ముందూ ఏడ్చింది.

కస్టమర్లను పంపేసి సరితను పిలిపించాను. వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. నేను కూడా వాళ్ళమ్మ అనుకున్నట్టే అనుకున్నాను, దాచడం ఎందుకు. ఎవడు వాడు అని అడిగాను.

సరిత నా ముఖం చూసి, "ఎవ్వడు లేడత్తా. పెంచుమన్నది నువ్వే గద. గడ్డం పెంచుకొని క్లాస్‌ల ఎట్ల కూసుంటా? అక్కడ చున్నీ తీయాలే" అంది.

పెంచుకునే ఆ రెండు వారాలూ, నెల నెలా, బస్సెక్కి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగేది. ఒక్కోరోజు డుమస్ దాకా పోయి సముద్రం దగ్గర కూర్చునేది. అక్కడ గాలికీ ఇసుకకూ అందరూ ముఖం కప్పుకునే ఉంటారు. సాయంత్రం టిఫిన్ డబ్బా ఖాళీ చేసుకుని ఇంటికొచ్చేది.

రెండు వారాలు అన్నది నేను. ఆ రెండు వారాలు ఆ పిల్ల ఏ ముఖంతో బయట తిరుగుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నా దారానికి ఎంత పొడుగు కావాలో మాత్రమే చూసుకున్నాను. పాలిస్టర్ దారంతో నెత్తురు వచ్చిన పెదవి వారంలో మానింది. ఇక్కడ ఒక ఏడాది చదువు పోయింది.

డాక్టరు అడిగిన మొదటి మాట

మర్నాడే సరితను చర్మం డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాను. ఆమె గడ్డం వైపు చూడకుండానే, నెలసరి ఎలా వస్తోందని అడిగింది. మూడు నెలలకోసారి, ఒక్కోసారి నాలుగు నెలలకోసారి అంది సరిత. ఏడాదికి పైగా నా కుర్చీలో పడుకున్న పిల్లను ఆ ఒక్క మాట నేను అడగలేదు. రక్తపరీక్ష, స్కానింగ్ అయ్యాక హార్మోన్ల తేడా ఉందన్నారు. మాత్రలు రాసింది, వెంట్రుకలు పలచబడటం కనిపించాలంటే ఆరు నెలలైనా పడుతుందంది.

"అందాక?" అని సరిత అడిగింది.

"గీసుకో. రోజూ గీసుకున్నా ఏం కాదు" అంది డాక్టరమ్మ.

నేను ఉండబట్టలేక, గీస్తే దట్టంగా వస్తాయి కదా మేడం అన్నాను. ఎవరు చెప్పారు అంది. నేనే చెప్తున్నాను, పాతికేళ్ళుగా అన్నాను. ఆమె కోప్పడలేదు. వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, మధ్యలో కోస్తే మొద్దు కొస పైకొచ్చి గరుకుగా తగులుతుంది, అంతే, లెక్క పెరగదు అని చెప్పింది. తర్వాత సరిత గడ్డం కింద పొక్కులు చూసి, ఇవి లాగి లాగి వచ్చినవి అంది. అవి నా చేతి పని.

పిల్లలూ, మీకు ఇది పాఠంగా చెప్తున్నాను. దట్టంగా వచ్చిందని ఏ ఆడమనిషి వచ్చినా ముందు నెలసరి అడగండి. కొద్ది నెలల్లో ఒక్కసారిగా పెరిగితే, గొంతు మగగొంతులా మారితే, నెత్తి మీద జుట్టు ఊడితే దారం పక్కన పెట్టి ఆ వారమే డాక్టరు దగ్గరకు పంపండి. మనం తీసేది వెంట్రుకనే. దాన్ని పుట్టించేది మన చేతిలో లేదు.

కారణం

కాలేజీకి ముగ్గురం వెళ్ళాం. ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద ఒక తెల్లకాగితం ఇచ్చి, రాకపోవడానికి కారణం రాయమన్నారు.

"టైఫాయిడ్ అని రాయి బిడ్డా. డాక్టరు చీటీ మామ తెస్తడు" అంది రాజవ్వ. మామ అంటే మా ఆయన.

నేను కూడా అదే మంచిదన్నాను. గడ్డం మాట కాలేజీ అంతా తెలిస్తే ఈ పిల్ల మళ్ళీ అక్కడ తలెత్తుకోగలదా అని నా భయం.

సరిత పెన్ను మూత తీసింది. "నేను నర్సునైత అంటున్న. లేని రోగం రాస్తే ఎట్ల అమ్మా?" అంది. హిందీలో నాలుగు వాక్యాలు రాసింది. నాకు గడ్డం వస్తుంది, ఆ రోజుల్లో ముఖం విప్పడానికి సిగ్గుపడి రాలేదు, ఇప్పుడు మందులు వాడుతున్నాను, ఇక కాలేజీ మానను. రాజవ్వ కాగితం లాక్కోబోతే ఇవ్వలేదు.

ప్రిన్సిపాల్ పెద్దావిడ, ముఖంలో నవ్వన్నది లేదు. కాగితం చదివి, మళ్ళీ చదివి, సరిత వైపు చూసింది. నేను లేచి, తప్పు నాది మేడం, పెంచుకోమని నేనే చెప్పాను అన్నాను. మీరెవరు అంది. పార్లర్ ఆమెను అన్నాను. కూర్చోమంది.

"వచ్చే ఏడాది ఆసుపత్రి డ్యూటీలు ఉంటాయి. హాస్టల్‌లోనే ఉండాలి. ఒక గదిలో ఆరుగురు. ఎలా?" అని సరితను అడిగింది.

"రోజూ పొద్దున గీసుకుంటా మేడం."

"వాళ్ళు చూస్తే?"

"చూడనీయండి మేడం. ఆపరేషన్ ముందు పేషెంట్లకు గీసేది నర్సులే గదా. నాది నేను గీసుకుంటే ఏమైంది?"

ఆవిడ కాగితం ఫైల్‌లో పెట్టింది. "పోయిన ఏడాది పోయినట్టే, మళ్ళీ చదవాలి. ఇక నుంచి నీ ముఖం నేను చూడను, హాజరు రిజిస్టర్ చూస్తాను" అంది. బయటికొచ్చాక రాజవ్వ కూతురిని తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియక చున్నీ సరిచేసింది. సరిత ఆ చున్నీ తీసి సంచిలో పెట్టుకుంది.

ఇల్లిల్లూ తిరిగి

ఇక నా వంతు మిగిలింది. మంగళవారం వచ్చేవాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, రేజర్ గురించి నేను చెప్పింది తప్పు అని చెప్పాలని గట్టిగా అనుకున్నాను. మా ఆయన, "దుకాణం బంద్ చేస్తవా ఏంది? ఇగ నుంచి ఆ మాట చెప్పకు, ఊరంత చాటింపెందుకు?" అన్నాడు. తప్పు చెప్పిన నోటితోనే కదా దిద్దుకోవాలి అన్నాను.

కొందరు సరేలే అన్నారు. భూదవ్వ మాత్రం బండి దగ్గర తక్కెడ కింద పెట్టేసింది. "ఇన్నేండ్లు గుంజి గుంజి ఏడిపిచ్చి గిప్పుడు చెప్తవా? జర సిగ్గున్నదా నీకు?" అంది. వంకాయలు కొంటున్నవాళ్ళు ఇద్దరు చూస్తున్నారు. నేను నిలబడి అంతా విన్నాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మూడో మంగళవారం వచ్చి, "ఎట్ల గీయాల్నో చూపియ్యి" అంది.

చూపించాను. మీరూ ఇలాగే చూపించండి. గోరువెచ్చని నీళ్ళతో తడిపి, నురగ పెట్టి, వెంట్రుక వాలు ఎటుంటే అటే గీయాలి. బ్లేడు కొత్తది, ఆ మనిషిదే అయి ఉండాలి. తర్వాత చల్లటి నీళ్ళు, మామూలు క్రీము. ఇందులో మీకు పెద్దగా పని లేదు, అందుకే చాలామంది నేర్పరు. మంగళవారం వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. ఏం చేసుకోకుండా గడ్డం అలాగే ఉంచుకుంటానన్న ఆవిడ ఒకరున్నారు, ఆమె నా దగ్గర కనుబొమలు మాత్రమే చేయించుకునేది. నేను ఆమె గడ్డం మాట ఎన్నడూ ఎత్తలేదు.

సరిత హాస్టల్‌కు వెళ్ళిన మూడో రోజు ఫోన్ చేసింది. బాత్రూంలో అద్దం లేదట. బయట కుళాయిల దగ్గర అందరికీ కలిపి ఒకటే అద్దం. మొదటి రోజు చీకటిలో చేత్తో తడుముకుంటూ గీసుకుంటే చర్మం కోసుకుంది. రెండో రోజు నుంచి అందరితో పాటు వరసలో నిలబడి, అద్దం ముందే గీసుకుంది. ఒక పిల్ల భాయ్ అని పిలిచిందట.

"ఏడ్చినవా బిడ్డా?" అన్నాను.

"రాత్రి ఏడ్చిన. పొద్దున మళ్ళ గీసుకున్న" అంది.

ఆ మాటకు నాకు ఎంత గర్వమనిపించిందో, అంత సిగ్గూ వేసింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కూర్చుని ఏడ్చాను. తర్వాత సరిత ఆ కాలేజీలో ఒక్క రోజు కూడా మానలేదు. మాత్రలకు వెంట్రుకలు మెల్లమెల్లగా పలచబడ్డాయి, పూర్తిగా పోలేదు. పోతాయని డాక్టరమ్మ కూడా అనలేదు.

పోయిన నెలలో పాసై, ఒక ఆసుపత్రిలో డ్యూటీలో చేరింది. సెలవు రోజున మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చింది. మీరిద్దరూ అప్పుడు ముందు గదిలో లేరు, కుర్చీ ఖాళీగా ఉంది. నాతో పాటు చదివినవాళ్ళు అప్పుడే సీనియర్లయ్యారు అత్తా, నేను ఒక ఏడాది వెనకబడ్డ అంది.

"నా వల్లనే గద బిడ్డా" అన్నాను. కాదని అంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"అవ్, నీ వల్లనే" అంది సరిత. కోపంగా అనలేదు, ఉన్నమాట అంది. నాకు తల వాలిపోయింది. ఆ పిల్ల దగ్గరకొచ్చి, నా గడ్డం కింద వేలు పెట్టి ముఖం వెలుతురు వైపు తిప్పింది.

"ఇగో, ఈడ నాలుగు తెల్లవి మొలిచినయ్. నీకు కనవడ్తలేవా? కూసో" అని కుర్చీ చూపించింది.

ఆ కుర్చీలో నేను ఎన్నడూ కూర్చోలేదు. కూర్చున్నాను. దారం ఆ డబ్బాల ఉన్నది అన్నాను.

"దారం వద్దు" అని సరిత సంచిలోంచి కొత్త బ్లేడు తీసి, నీళ్ళు కాచడానికి లోపలికి వెళ్ళింది. నేను కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తాను.